బోరింగు మేర

13 నవంబరు 1983, ఆదివారం

పదవీ విరమణ తరువాత మనిషికి మిగిలేవి పింఛను, పడకకుర్చీ, పరుల తప్పులు అని నేను ఒకప్పుడు చమత్కరించేవాణ్ణి. మొదటి రెండింటికంటె మూడోదానికే నేను ఎక్కువ పొద్దు వెచ్చిస్తున్నానని సావిత్రి అంటుంది. నేటి నుండి నా అర్ధాంగి ఆ మాట అనలేదు. నేను తిరిగి బాధ్యతలోకి వచ్చాను.

హన్మకొండలో శిక్షణ ముగించుకొని మొన్న బుధవారం సాయంకాలం బస్సులో దిగాను. నట్లు తిప్పే రెండు పానాలు, ఒక గ్రీసు డబ్బా, ఒక కట్ట అచ్చు కార్డులు ఇచ్చారు. ఊరి చేతిపంపు పెద్దగా చెడితే కార్డు రాసి పోస్టు డబ్బాలో వేయాలి. పంచాయతీ సమితి మెకానిక్కు వస్తాడు. చిన్న పనులన్నీ, అంటే నట్లు బిగించడం, పైపెట్టె మూత విప్పి లోపలి గొలుసుకు గ్రీసు పూయడం వంటివి, ఊళ్లోని సంరక్షకుడే చేసుకోవాలి. ఆ సంరక్షకుణ్ణి నేనే. సర్పంచి రాయమల్లు పంచాయతీలో "సారంగపాణి సారు" అని నా పేరు ప్రతిపాదించినప్పుడు ఎవరూ నోరు మెదపలేదు. దానిని ఏకగ్రీవ ఆమోదంగా గ్రహించాను.

చేదబావి రెండేళ్లుగా వేసవిలో అడుగు చూపుతున్నది. ఊరు తాగేది ఇక ఈ ఒక్క యంత్రం నీరే. అట్టి ప్రాణాధారాన్ని ఊరివారు 'బోరింగు' అని పిలుస్తున్నారు. అది భాష కాదు. రెండు సాయంకాలాలు ఆలోచించి 'హస్తచాలిత జలోద్ధరణ యంత్రము' అని నామకరణం చేశాను. రేకు మీద తెల్లరంగుతో రాయించి, కింద నియమాలు చేర్చి, పక్కనే పాతించాను. ఈ ఉదయం నీళ్లకు వచ్చిన ఆడవాళ్లను వరుసలో నిలబెట్టి ఆ పేరు పలికించబోయాను.

చిలుకమ్మకు చెరువు కింద మడి ఉంది. ఊరందరి తరఫున మాట్లాడే అలవాటు కూడా ఉంది. ఆమె బిందె చంకనెత్తుకొని, "సారూ, నువ్వు గా పేరు పలికేలోపు బిందె నిండి పొర్లుతది" అన్నది.

పొర్లే నీటిని గురించే రెండవ నియమం ఉన్నదని చెప్పాను.

"మంచిగ రాసినవ్. మాకు సదువు రాదు గని, రేకు మంచిగున్నది. బిందె ఆనిచ్చుకుంటం" అన్నది.

20 నవంబరు, ఆదివారం

గొలుసుకు గ్రీసు పూశాను. పంచెకు కూడా.

24 నవంబరు, గురువారం

భోజనం మధ్యలో పిలిచారు. వాకిట్లోకి కూడా రాకుండా వీధిలో నుండే కేక. ఎదురింటి రాజక్క.

"సారూ, ఇంట్ల ఉన్నవా? బోరింగు మూత టకటకమంటాంది. జర వచ్చి బిగియ్యి."

ఉన్నారా అనలేదు. బిగించండి అనలేదు. ఈ ఊరి పిల్లలకు ఒక తరం పాటు మధ్యమ పురుష బహువచనం నేర్పినవాణ్ణి నేను. చేయి కడుక్కొని వెళ్లి నట్టు బిగించి వచ్చేసరికి పప్పు చల్లారింది. మర్యాద అనేది లేదు.

1 డిసెంబరు, గురువారం

మళ్లీ భోజనం మధ్యలో. ఈసారి చిలుకమ్మ. "ఏంది సారూ, గంటసేపు తింటవా? ఆడ హ్యాండిలు బిర్రుగైంది."

ఇకమీదట పది గంటలకే తింటాను.

4 డిసెంబరు, ఆదివారం

పది గంటలకు కూర్చున్నాను. పది గంటలకే పిలిచారు. సావిత్రి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వంటింట్లోకి వెళ్లింది. దగ్గు అనుకుంటాను.

11 డిసెంబరు, ఆదివారం

ఇది వివరంగా రాసుకోవలసిన దినం. నా జీవితంలోని మంచి ఉపన్యాసాలలో ఒకటి ఈ ఉదయం మా అరుగు మీద వెలువడింది.

వానకాలపు పంట కల్లాలకు చేరింది. పొద్దెక్కుతుండగా రాయమల్లు ముందు, చిలుకమ్మ, రాజక్క వెనుక, మరికొందరు వారి వెనుక మా ఇంటికి వచ్చారు. చిలుకమ్మ నెత్తిన గంప, గంప నిండా వడ్లు. అరుగు మీద దించింది.

"ఏమిటివి?" అన్నాను.

"మేర, సారూ" అన్నాడు రాయమల్లు. "కల్లాలైతానయ్. ఇంటికి కుంచెడు అనుకున్నం. ముందుగాల చిలుకమ్మది తెచ్చినం. బోరింగు చూస్తానవ్ గద."

మేర అంటే నాకు తెలియక కాదు. నాగలి చెక్కే వడ్రంగికి, కర్రు సాగదీసే కమ్మరి మొగిలికి, చెరువు తూము విప్పే నీరటికి ప్రతి ఇల్లూ ఏటేటా కల్లంలో కొలిచి ఇచ్చే ధాన్యం. ఆ వరుసలో నన్ను నిలబెట్టారు. ఎవరిని? నన్ను.

లేచి, కండువా సవరించుకొని అన్నాను: "రాయమల్లూ, నేను ప్రభుత్వోపాధ్యాయుణ్ణి. పింఛను పుచ్చుకుంటున్నవాణ్ణి. విద్యాదానం చేసిన చేతిని వడ్లకోసం చాపను. నేను ఈ ఊరికి చేస్తున్నది నిష్కామ సేవ. సేవకు కూలి ఉండదు. మీ అభిమానం చాలు. తీసుకుపోండి."

"కూలి గాదు సారూ. మేర" అన్నది చిలుకమ్మ.

"రెండూ ఒకటే."

"ఒకటెట్లయితది?" అని ఇంకేదో అనబోయింది. రాయమల్లు ఆమె వైపు చూశాడు. ఆమె ఊరుకున్నది. చిలుకమ్మ ఊరుకోవడం నేను మొదటిసారి చూశాను. నా వాగ్ధాటి అట్టిది.

తరువాత గంప తిరిగి నెత్తికెక్కింది. పోతూ పోతూ రాయమల్లు, "సరే సారూ. మీ ఇష్టం" అన్నాడు.

'మీ' అన్నాడు. ఇంటి బయట, ఈ ఊళ్లో నాకు మొదటి బహువచనం. ఔదార్యం వ్యాకరణాన్ని కూడా చక్కబరుస్తుంది.

మధ్యాహ్నం పప్పులో ఉప్పు లేదు. అడిగితే సావిత్రి, "నిష్కామంగ వండిన" అన్నది.

18 డిసెంబరు, ఆదివారం

ఈ వారం ఎవరూ పిలవలేదు. భోజనం వేడిగా, పూర్తిగా చేశాను. ఊరు క్రమశిక్షణ నేర్చుకున్నది.

25 డిసెంబరు, ఆదివారం

ఎవరూ పిలవలేదు. భోజనం బాగానే ఉన్నది.

1 జనవరి 1984, ఆదివారం

పానాలు, గ్రీసు డబ్బా పట్టుకొని యంత్రం దగ్గరికి వెళ్లాను. నన్ను చూడగానే ఆడవాళ్లు బిందెలు పక్కకు జరిపి, కొంగులు సర్దుకొని, దారి ఇచ్చి నిలబడ్డారు. కలెక్టరు వచ్చినా ఇంతకంటె ఎడం జరగరు.

"మీరెందుకు సారూ గింత దూరం వచ్చిండ్రు?" అన్నది రాజక్క. ఎదురిల్లు ఆమెది.

"గొలుసుకు గ్రీసు..."

"అయ్యో, మీకెందుకు సారూ. మీరు పెద్దమనుషులు. పంచె కరాబైతది. మొగిలి చూసుకుంటాండు."

"కమ్మరి మొగిలియా?"

"ఔ సారూ. పిలిస్తె వస్తాండు. మీరు పోయి కూసోండ్రి."

ఆ ఒక్క సంభాషణలో నాకు ఎన్ని బహువచనాలు దక్కాయో లెక్కపెట్టుకుంటూ ఇంటికి వచ్చాను. దారి పొడవునా లెక్కపెట్టినా ఎందుకో సంతోషం కలగలేదు. చలికాలపు నీరసం కావచ్చు.

గ్రీసు డబ్బాను అటక మీద భద్రపరిచాను. ఎండకు కరగకుండా.

సావిత్రి అడిగింది: "జనవరిల ఎండ ఏడిది?"

22 జనవరి, ఆదివారం

యంత్రం మూత టకటకలాడడం పూర్తిగా మానింది. నియమాల పలక ఫలితం.

అటుగా నడిచిపోతూ చూస్తే మూత నట్టు మీద సుత్తి దెబ్బలు కనిపించాయి. ఆరు పలకల తల పూరీలా గుండ్రంగా చదునై ఉన్నది. ఆ మూత విప్పితేనే లోపలి గొలుసుకు గ్రీసు అందుతుంది. ఎవరినీ ఏమీ అడగలేదు. అడగడం నా స్థాయి కాదు.

17 ఫిబ్రవరి, శుక్రవారం

ఊరు ఊరంతా మేడారం జాతరకు తరలింది. బండ్లు, ఆర్టీసీ బస్సులు, నెత్తిన బెల్లం ముద్దలు. సావిత్రి కూడా చిలుకమ్మ వాళ్ల బండిలో వెళ్లింది. ఊళ్లో నేను, కోళ్లు.

చల్లగాలి కోసం యంత్రం వైపు వెళ్లాను. కండువా కింద పెద్దపాన ఎలా వచ్చిందో తెలియదు. ఎవరూ లేరు కదా అని మూత నట్టుకు దానిని తగిలించి చూశాను. పాన జారిపోతున్నది; పట్టు దొరకదు. రెండు చేతులా పట్టి తిప్పాను. నట్టు కదలలేదు, నా నడుము కదిలింది. హ్యాండిలు కొట్టి చూస్తే లోపల గొలుసు ఎండిన గొంతుతో కిర్రుమన్నది. శిక్షణలో ఆ కిర్రు గురించి ప్రత్యేకంగా చెప్పారు.

ఊరు తిరిగి వచ్చిన తరువాత రాయమల్లుకు చెప్పవచ్చు. కాని ఏ హోదాలో చెప్పాలి? 'మొగిలి చూసుకుంటాండు' అన్నారు. పిలవని పేరంటానికి పోవడం మా వంశంలో లేదు.

నడుముకు సావిత్రి లేదు, జండూబామే రాసుకున్నాను.

20 ఫిబ్రవరి, సోమవారం

సావిత్రి వచ్చింది. అమ్మవార్లకు ఏం మొక్కుకున్నావని అడిగాను.

"మా సారుకు జర బుద్ధి" అన్నది. బంగారం ప్రసాదం, అంటే బెల్లం, పెట్టింది. తిన్నాను. ప్రసాదం కాబట్టి.

చెప్పలేదు రాయమల్లుకు. రేపు చూద్దాం.

4 మార్చి, ఆదివారం

రేపు చూద్దాం.

18 మార్చి, ఆదివారం

తెగింది.

19 మార్చి, సోమవారం

నిన్న పొద్దున రాజక్క కొడుతుండగా లోపలి గొలుసు తెగి, కడ్డీలు గొట్టంలోకి దిగబడి, హ్యాండిలు రిక్తంగా పైకి లేచిందట. పక్కన ఉన్న మొగిలి అదాటున వెల్లకిలా పడ్డాడు. దెబ్బేమీ తగలలేదు, సుత్తి మాత్రం వదలలేదు.

ఎండలు ముదిరాయి. చేదబావిలో బురద. ఆడవాళ్లు పొద్దున్నే చెరువు కట్ట దాటి, చిలుకమ్మ పొలంలోని మోటబావికి పోతున్నారు. వారి వెనుక సావిత్రి కూడా. మోకాళ్ల నొప్పి మనిషి. వద్దు, నేను తెస్తానని బిందె అందుకున్నాను.

"మీరు పెద్దమనుషులు. పంచె కరాబైతది" అని బిందె లాక్కొని వెళ్లింది. సావిత్రి నాతో ఎప్పుడూ బహువచనమే వాడుతుంది. కాని ఇది వేరే బహువచనం.

అచ్చు కార్డు తీసి మెకానిక్కుకు రాశాను. రాత్రి చదువుకుంటే సీసపద్యంలా నడిచింది. పొద్దున డబ్బాలో వేశాను.

25 మార్చి, ఆదివారం

మెకానిక్కు రాలేదు. రెండో కార్డు రాశాను. మొదటి దానికంటె కొంచెం పెద్దది.

31 మార్చి, శనివారం

మెకానిక్కు యాకయ్య వచ్చాడు. సమితి మోటారు సైకిలు, వెనుక ఇనుప గొట్టాలు, ఇద్దరు మనుషులు. ఊరంతా పోగైంది. నేను నా పలక పక్కన నిలబడ్డాను.

"కార్డు రాసింది ఎవలు?" అన్నాడు యాకయ్య.

నేనే అన్నాను.

"మొదటి కార్డు పెండ్లిపత్రికనుకొని మేజ మీద పెట్టిన సారూ. 'సవినయ మనవి, తమ రాకచే మా గ్రామము పావనమగును' అని ఉన్నది. రెండోదాంట్ల చివరకు యంత్రము అని కనబడితె, గిది మనదే అని వచ్చిన. 'బోరింగు ఖరాబు, జల్ది రా' అని రాస్తె అయిపోవు గద."

కొందరు నవ్వారు. నేను చూడలేదు ఎవరో.

యాకయ్య ఉలితో కొట్టి నట్టు కోసి మూత తీశాడు. లోపలికి తొంగి చూశాడు. తుప్పు పట్టిన గొలుసు ముక్క బయటికి తీసి అందరికీ చూపించాడు, పాముల వాడిలాగా.

"నాలుగు నెలలసంది దీనికి గ్రీసు లేదు. మూతను సుత్తెతోని మూసిందెవలు?"

"నేనే" అన్నాడు మొగిలి. దాచుకునే మనిషి కాదు. "టకటకమంటాంది చూడు అన్నరు. నా తాన ఉన్నది సుత్తె. కొట్టిన. టకటక బందయింది."

"ఊళ్లె కేర్‌టేకరు లేడా?"

అందరూ నా వైపు చూశారు. ఆ చూపులో నింద ఉంటే ఎదుర్కొనేవాణ్ణి. లేదు. మర్యాద ఉన్నది.

"సారున్నరు" అన్నాడు రాయమల్లు నెమ్మదిగా.

"మరి సారును పిలువలేదా?"

జవాబు చిలుకమ్మ చెప్పింది. డిసెంబరు నుండి మూసుకున్న నోరు అది, ఒక్కసారిగా తెరుచుకున్నది.

"ఎట్ల పిలుస్తం అన్నా? మొగిలి మా మేర తింటడు. మేర తిన్నోన్ని నిద్రల నుంచి లేపుతం, బువ్వ కాడి నుంచి గుంజుకొస్తం, పని తప్పయితె నాలుగు తిడతం. మొగిలి తిడితె మేం పడతం. సారు మేర వద్దన్నడు. పుణ్యానికి చేస్తనన్నడు. పుణ్యానికి చేసెటోన్ని బువ్వ కాడి నుంచి ఎట్ల లేపుతం? నట్టు వదులైంది రా అని ఎట్ల గద్దిస్తం? పాపం తాకదా?"

"మీరు అడిగి ఉంటే నేను రాకపోయేవాణ్ణా?" అన్నాను. నా గొంతు అనుకున్నంత గంభీరంగా రాలేదు.

"అడుగుడు వేరు సారూ, పిలుసుడు వేరు" అన్నది. "అడిగితె దండం పెట్టాలె. రోజు దండం పెట్టి నీళ్లు తాగుతమా?"

యాకయ్య ఈ ధర్మశాస్త్రం విని తల గోక్కున్నాడు. మధ్యాహ్నం దాకా కడ్డీలు గుంజి, కొత్త గొలుసు వేసి, కొత్త మూత బిగించాడు. నీళ్లు పడ్డాయి. పోతూ అన్నాడు: "మూత నా తాన గిదొక్కటే ఉండె. మళ్ల సుత్తె పడ్డదంటె గీ ఎండకాలం నన్ను యాది చెయ్యకుండ్రి. ఎవలు చూస్తరో మీరే తేల్చుకోండ్రి."

అక్కడికక్కడే తేల్చారు. రాయమల్లు అన్నాడు: "యాసంగి కల్లంల బోరింగు మేర మొగిలికే కొలుద్దం. పిలిస్తెనన్న వస్తడు."

మొగిలి నా వైపు చూశాడు. నేను పలక వైపు చూశాను. నియమాల కింద ఎవరిదో పిడక ఆరవేసి ఉన్నది.

2 ఏప్రిల్, సోమవారం. రక్తాక్షి నామ సంవత్సర ఉగాది

సావిత్రి పచ్చడి గిన్నె చేతికిచ్చి, "చేదు ముందు తినండ్రి" అన్నది.

తింటూ అడిగాను: "నేను చేసిందాంట్లో తప్పేమున్నది? ఒకరి సొమ్ము ఆశించలేదు."

"తప్పని ఎవలన్నరు? ఊరోళ్లకు మిమ్ముల తిట్టే హక్కు లేకుంట చేసిండ్రు. గంతే."

"అది హక్కా?"

"నాకున్నది గద. అందుకే ఇన్నేండ్లు ఇల్లు నడిచింది" అన్నది, వేపపువ్వు నా గిన్నెలో ఇంకొంచెం వేస్తూ.

22 ఏప్రిల్, ఆదివారం

మొగిలి వచ్చాడు. అరుగు కింద నిలబడి, తువాలు విప్పి, లోపల నుండి చిన్నపాన తీశాడు. యాకయ్య ఇచ్చి పోయాడట.

"సారూ, మీకు దండం పెడత. గిది ఎటు తిప్పితె బిగుస్తది, ఎటు తిప్పితె వదులైతది?"

కుడికి, ఎడమకు చూపించాను. రెండుసార్లు తిప్పి, మూడోసారి ఎడమకు తిప్పి బిగించానన్నాడు.

"నాకు కర్రు ఎర్క, గొడ్డలి ఎర్క. ఎర్రగ కాలితె కొడత, చల్లగుంటె కాలుస్త. గీ బోరింగును కాల్చరాదు, కొట్టరాదు. ఇగ దాంతోని నాకేం పని?"

"వద్దని చెప్పవచ్చు కదా?"

"ఎట్ల చెప్త సారూ? మేర తింటాన్న." పానను మళ్లీ తువాలులో చుడుతూ అన్నాడు: "వద్దనెటోడు మా వాడకట్టుల ఎవడు లేడు. మీరొక్కరే."

అది పొగడ్తలాగానే పలికాడు. సాయంకాలం దాకా అది పొగడ్తేనని నచ్చజెప్పుకుంటూ కూర్చున్నాను.

29 ఏప్రిల్, ఆదివారం

యాసంగి వరి కోతలు సాగుతున్నాయి. వచ్చే ఆదివారం చిలుకమ్మ కల్లం. మొదటి కుంచం అక్కడే కొలుస్తారు. అక్కడ ఎవరికి కొలిస్తే మిగతా కల్లాల్లోనూ వారికే.

మూత టకటకలాడుతున్నది. మా అరుగు మీదికి వినిపిస్తున్నది. ఎవరో మొగిలిని కేకేశారు. కొలిమి దగ్గర నుండి మొగిలి వస్తున్నాడు. చేతిలో పాన ఉన్నది. రెండో చేతిలో సుత్తి కూడా ఉన్నది.

ఎదురు వెళ్లి, "ఎండలో ఎందుకు మొగిలీ, కాసేపు కూర్చో" అని మజ్జిగ ఇప్పించి, సంధి సమాసాలు చెప్పి ఆపాను. రోజూ ఇట్లా ఆపలేను. నా దగ్గర సమాసాలు ఆరే ఉన్నాయి.

5 మే, శనివారం

సావిత్రిని సంచి అడిగాను.

"ఏ సంచి?"

"ఏదైనా. కొంచెం పెద్దది."

ఆమె నా పాత బడిసంచి తెచ్చి ఇచ్చింది. పుస్తకాలు మోసిన సంచి. కుంచెడు పడుతుందా అని తిప్పి తిప్పి చూశాను.

"నిండితె గోనెసంచి పంపుత" అన్నది.

ఇది కేవలం యంత్ర పరిరక్షణార్థమే. ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

6 మే, ఆదివారం

పొద్దున్నే గొడుగు, సంచి పట్టుకొని చిలుకమ్మ కల్లానికి వెళ్లాను. 'గ్రామస్తుల కోరికను పునరాలోచించి, సంప్రదాయ గౌరవార్థం స్వీకరింపదలచితిని' అని దారిలో వాక్యం కూర్చుకున్నాను. మంచి వాక్యం. కర్త, కర్మ, క్రియ ఎక్కడివక్కడ ఉన్నాయి.

కల్లంలో తూర్పార పడుతున్నారు. మొగిలి అప్పటికే ఒక పక్క గోనెసంచి పరుచుకొని, దవాఖానలో సూది కోసం కూర్చున్నవాడిలా కూర్చున్నాడు. రాయమల్లు మంచం మీద. చిలుకమ్మ చేటతో గాలికి ఎదురుగా నిలబడింది. పొట్టు అంతా నేరుగా నా గొడుగు మీదికి వచ్చింది.

"ఎవలది ఆ గొడుగు? జరుగుండ్రి" అన్నది. తరువాత చూసింది. చేట దించింది. "సారా? మీరెందుకు వచ్చిండ్రు ఎండల?"

వాక్యం మొదలుపెట్టాను. 'గ్రామస్తుల' దాకా వచ్చింది. తరువాతి మాట నోట్లోకి పొట్టు పోయి దగ్గుగా మారింది. దగ్గు ఆగేసరికి వాక్యం లేదు. చేతిలో సంచి ఉన్నది. దానిని ముందుకు చాపాను.

"మేర" అన్నాను.

చేటలు ఆగాయి. రాయమల్లు మంచం మీద లేచి కూర్చున్నాడు.

"దేని మేర సారూ?" అన్నది చిలుకమ్మ. ఆమెకు తెలుసు. తెలిసే అడిగింది. తరగతిలో తెలిసిన ప్రశ్నే అడిగి పిల్లవాడి నోట చెప్పించడం నాకు కొత్త కాదు. ఆ బల్లకు అటువైపు నిలబడడమే కొత్త.

"హస్తచా... చేతిపంపు మేర."

"గదేంది?"

మొగిలి ఊపిరి బిగబట్టి నా వైపు చూస్తున్నాడు.

"బోరింగు మేర" అన్నాను.

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. చిలుకమ్మ కుంచం అందుకోబోయి ఆగి, చీపురు తీసి నా చేతికిచ్చింది. "మేరకు వచ్చినోడు గొడుగు పట్టుకొని నిలబడడు సారూ. గా అంచుకున్న గింజలు దగ్గరికి ఊడువు."

ఊడువు. ఊడవండి కాదు.

ఊడ్చాను. కల్లం అంచులన్నీ ఊడ్చి గింజలు కుప్పకు చేర్చాను. చెమట కళ్లలోకి దిగింది. అప్పుడు ఆమె కుంచం నింపి, పైన కుప్ప పోసి, బడిసంచిలోకి వొంపింది. సంచి నిండింది. రాయమల్లు, "ఇగ అన్ని కల్లాలల్ల సారుకే" అన్నాడు. మొగిలి తన గోనెసంచి మడిచి, పాన నా చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా కొలిమికి వెళ్లిపోయాడు. అంత వేగంగా నడవగలడని నాకు తెలియదు.

నేను కూడా సంచి ఎత్తుకొని తిరిగాను. నాలుగడుగులు వేశానో లేదో, వెనుక నుండి వచ్చింది:

"మేర తీసుకున్నవ్ గద? ఇగ చెప్పు. వారంసంది మూత కొట్టుకుంటాంది, హ్యాండిలు బిర్రుగుంది, నువ్వేమో అరుగు మీద కూసొని మొగిలికి సదువు చెప్తానవ్. గ్రీసు డబ్బా ఏడ పెట్టినవ్, అటక మీదనా? సావిత్రక్క జాతరలనే చెప్పింది. ఎలుకలకు పెడతానవా? పొద్దు గూకేలోపు చైనుకు గ్రీసు పడాలె, లేకుంటె ఇంటికొస్త. రేపు కాదు, ఇయ్యాల్నే. ఇంటానవా సారూ?"

వింటున్నానని చెప్పాను.

దారి పొడవునా సంచి భుజాన్ని కోసింది. ఆ తిట్లలో ఒక్కటంటే ఒక్క బహువచనం లేదు. నేను ఏకవచనాన్ని దిద్దలేదు. ఎండ ఎక్కువగా ఉండి, మరిచిపోయి ఉంటాను.

సాయంకాలానికి గొలుసుకు గ్రీసు పడింది. పంచెకు కూడా.

9 మే, బుధవారం

సావిత్రి ఆ వడ్లు దంచి వండింది. పప్పులో ఉప్పు సరిపోయింది.

13 మే, ఆదివారం

రాజక్క కల్లం, మరి రెండు కల్లాలు అయ్యాయి. గోనెసంచి అవసరమైంది. ఊడవడంలో చేయి తిరిగింది. చీపురును కొసన కాక మధ్యన పట్టుకోవాలి. పలక మీద నియమాలన్నీ చెరిపించి ఒక్కటే రాయించాను: 'బోరింగు ఖరాబైతె సారంగపాణిని పిలువుండ్రి.' చదవడం రాదు కదా అంటే, "నీ పేరు ఉన్నదని ఎర్కైతె చాలు" అన్నది చిలుకమ్మ. పిడక మళ్లీ ఆరవేశారు, నియమం కనిపించేలా పక్కకు జరిపి.

ఇప్పుడు పది గంటలు. విస్తరి ముందు కూర్చొని ఇది రాస్తున్నాను. పప్పు పొగలు కక్కుతున్నది. కలిపి మొదటి ముద్ద ఎత్తానో లేదో, వీధిలో నుండి కేక.

"ఓ బోరింగు సారూ! ఎంతసేపు తింటవ్?"

సావిత్రి నా విస్తరి మీద మూత పెట్టింది, అడగకుండానే. పాన గుమ్మం దగ్గరే ఉన్నది.

మర్యాద అనేది లేదు. వెళ్లి వస్తాను.